విశాఖ నుంచి మారిషస్‌కి ఇంటి సామాను: మేము వాడిన షిప్పింగ్ సర్వీసు ఎలా ఉందంటే

విదేశాలకి ఓడలో ఇంటి సామాను పంపే సర్వీసుల గురించి మన వైజాగ్ వాళ్ళు వివరంగా రాసింది నాకెక్కడా దొరకలేదు. దొరికినవన్నీ అమెరికా, దుబాయ్ సంగతులే. మా అమ్మాయి వాళ్ళు మారిషస్‌లో కాపురం పెట్టారు, సామానంతా ఇక్కణ్ణుంచే ఓడలో వెళ్ళింది. వాళ్ళు ముందే విమానం ఎక్కేశారు కాబట్టి పంపించే పని మొత్తం నేను చూసుకున్నాను, సరుకు చేరేసరికి నేనూ మా ఆవిడా కూడా అక్కడికి వెళ్ళి ఇల్లు సర్దిపెట్టి వచ్చాం. అందుకని ఇక్కడ కట్టడం, అక్కడ విప్పడం రెండూ కళ్ళారా చూసి రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను, మంచితో పాటు వాళ్ళు చేసిన తప్పులు కూడా చెప్తున్నాను కాబట్టి. పోర్టు ఏరియాలో ఆఫీసున్న చిన్న సంస్థ, అంతవరకు చాలు.

ముందే చెప్పేస్తాను. సలహా చాలా బాగుంది, ప్యాకింగ్ బాగుంది, కాగితాల పని అంతంతమాత్రం, అక్కడ పడే ఖర్చులు ముందుగా చెప్పే విషయంలో మాత్రం నాకు గట్టి అసంతృప్తి ఉంది. అయినా తెలిసినవాళ్ళెవరైనా అడిగితే వీళ్ళ దగ్గరికే పంపిస్తాను, ఎందుకో కింద రాస్తున్నాను.

నేను స్టీల్‌ప్లాంట్ స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, సామాను దింపడం, ఎక్కించడం, లెక్క రాయడం నాకు కొత్త కాదు. ఎంవీపీ కాలనీలో అమ్మాయి వాళ్ళ ఫ్లాటులో సామాను చూసి ఎంత అవుతుందో చెప్పమంటే వేరే కంపెనీల వాళ్ళు ఫోన్లో వీడియో చూపించమని, చూసీ చూడకుండానే ఒక అంకె చెప్పేశారు. వీళ్ళు పంపిన కుర్రాడు టేపు పట్టుకుని వచ్చాడు. ప్రతి గదీ తిరిగి కొలతలు రాసుకున్నాడు, మంచం కింద పెట్టెలు కూడా బయటికి తీయించాడు, అన్నీ అయ్యాక కూర్చుని, "సార్, పరుపులు వదిలేయండి, గ్రైండర్ తీసుకెళ్ళండి" అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. పరుపు ఏం బరువని, గ్రైండర్‌లో రాయి ఉంది కదా అని. అప్పుడతను కాగితం మీద లెక్క వేసి చూపించాడు.

విమానంలో అయితే మన భయమంతా కిలోల గురించే. ఓడలో అలా కాదు, అక్కడ డబ్బు పోసేది చోటుకి. ఇరవై అడుగుల కంటైనర్ మొత్తం మనమే తీసుకుంటే సుమారు 33 ఘనమీటర్లు, మా అమ్మాయి వాళ్ళ సామానుకి అందులో సగం కూడా అక్కర్లేదు. అందుకని చాలామంది సరుకు కలిపి ఒకే కంటైనర్‌లో వేస్తారు, దాన్నే ఎల్‌సీఎల్ అంటారు, అందులో ఘనమీటరుకి ఇంత అని తీసుకుంటారు. ఘనమీటరుకి టన్ను దాటితేనే బరువు లెక్కలోకి వస్తుంది, ఇంటి సామాను అంత బరువు ఎక్కడ తూగుతుంది? ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న పరుపు ఒక్కటే 0.4 ఘనమీటరు దాటుతుంది. టేబుల్‌టాప్ గ్రైండర్ అట్టపెట్టెలో పెట్టి కట్టినా 0.06 లోపే. అంటే ఒక పరుపు పట్టే చోట ఏడు గ్రైండర్లు పడతాయి. ఇది అర్థమయ్యాక మా జాబితా మొత్తం తలకిందులైంది. ఇనప పెనాలు, ఇత్తడి సామాను, కుక్కర్లు, అల్లుడి పుస్తకాలు, చిన్న రోలు, కుట్టు మిషన్ తల, బరువని పక్కన పెట్టినవన్నీ వెళ్ళాయి. తేలిక కదా అనుకున్న ప్లాస్టిక్ కుర్చీలు, సోఫా, పరుపులు, డ్రెస్సింగ్ టేబుల్ ఇక్కడే ఆగిపోయాయి. మారిషస్‌లో చాలా అద్దె ఇళ్ళు మంచాలు, సోఫాలతో సహా ఇస్తారు కాబట్టి వాటి లోటు కూడా తెలియలేదు.

ఒక్కసారి ఆలోచించండి, చోటుకి డబ్బు తీసుకునేవాడు చోటు తగ్గించుకోమని చెప్తున్నాడు. వాళ్ళ బిల్లు అక్కడే సగానికి పడిపోయింది. ఇలాంటి సర్వీసులో నేను చూసేది ఇదే, ఏం పంపకూడదో చెప్పేవాడు దొరికితే వాడికే పని ఇవ్వాలి. అట్టపెట్టెలు ఎవరైనా కడతారు.

పార్టికల్ బోర్డుతో చేసిన అల్మరా అక్కడి చెమ్మకి ఆగదు, వద్దని కూడా అతను అన్నాడు, అదే నిజమైంది. మా అమ్మాయి వాళ్ళ ఇల్లు కాత్ర్ బోర్న్‌లో ఉంది, ఎబెన్‌లో ఆఫీసుకి దగ్గరని తీసుకున్నారు. దీవి మధ్యలో ఎత్తు మీద ఉన్న ఊళ్ళు అవి, తీరంలో ఎండ కాస్తున్నా అక్కడ వాన తుంపర పడుతూ ఉంటుంది, క్యూర్‌పీప్ వైపు వెళ్తే ఇంకా ఎక్కువ. మనది కూడా చెమ్మ ఊరే, అయినా అక్కడి చెమ్మ వేరు, చలితో కలిసి వస్తుంది. మూసి ఉంచిన అల్మరాలో తోలు చెప్పులకి బూజు పట్టడం నేనే చూశాను. ఇంటి ఓనరు ఇచ్చిన బోర్డు అల్మరా కింది అంచు ఉబ్బిపోయి ఉంది, మనది తీసుకెళ్ళి ఉంటే దానికీ అదే గతి పట్టేది. ఇంకోటి, భూమధ్యరేఖకి అవతలి వైపు కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ చలికాలం. దీవి కదా, ఎప్పుడూ ఉక్కపోతే అనుకుని వెళ్ళేవాళ్ళు ఉంటారు, ఆ ఎత్తు ఊళ్ళలో జులై రాత్రి స్వెట్టర్ లేకుండా కష్టం. మా ఆవిడ పాత చీరలతో కుట్టించిన బొంతలు గ్రైండర్ చుట్టూ, ఇత్తడి బిందెల మధ్యా కుక్కి పంపాం, దారిలో దెబ్బ తగలకుండా కాపాడాయి, అక్కడ దిగాక కప్పుకోవడానికీ పనికొచ్చాయి. ఈ ఆలోచన కూడా ఆ కుర్రాడిదే.

కట్టడం విషయానికి వస్తే, నాకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. మామూలు వస్తువులకి ఐదు పొరల అట్టపెట్టెలు, బరువైనవాటికి ఏడు పొరలవి. ప్రతి పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు వేశారు. ఇది చాలామంది చెయ్యరు, కానీ చాలా అవసరం. పగలు వేడెక్కి రాత్రి చల్లబడేసరికి కంటైనర్ పైకప్పు లోపలి వైపు నీటి బొట్లు కట్టి సామాను మీద కారతాయి, సముద్రం నీరు చుక్క కూడా లోపలికి రాకపోయినా బట్టలు తడిసేది అందుకే. బట్టల పెట్టెల్లో లోపల ప్లాస్టిక్ సంచి కూడా వేయించాను. వచ్చిన కళాసీలు పోర్టు పనిలో చేయి తిరిగినవాళ్ళు, గాజు సామాను నిలబెట్టి పేర్చారు గానీ పడుకోబెట్టలేదు, ఒకాయనైతే పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి ప్లేటు ఎందుకు నిలబెట్టాలో చెప్తూ చేయించాడు. టీ ఇస్తే తాగారు, పైన డబ్బులు అడగలేదు, మేమే ఇచ్చాం.

చెక్క విషయం విడిగా చెప్పాలి. మా పూజామందిరం టేకుది, గాజు తలుపులు ఉన్నాయి, దానికి చుట్టూ చెక్క క్రేట్ కట్టాలి. ఆ క్రేట్‌కి వాడే చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచి, పురుగూ గుడ్లూ చచ్చిపోయాయని ముద్ర వెయ్యాలి, గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర. ప్రపంచంలో చాలా దేశాల్లో ఇదే నియమం. ముద్ర లేని చెక్కతో పెట్టె వెళ్తే అక్కడి అధికారులు ఆపేయవచ్చు, కాల్చేయమనీ అనవచ్చు. నేను ప్లాంటులో ఉన్నప్పుడు బయటి దేశాల నుంచి వచ్చే స్పేర్ పార్టుల పెట్టెల మీద ఈ ముద్ర చాలాసార్లు చూశాను, అందుకే వీళ్ళు అడక్కుండానే ముద్ర వేసిన చెక్క తెచ్చేసరికి నమ్మకం కుదిరింది. మీ ఇంట్లో పని చేసే వడ్రంగితో క్రేట్ కట్టించుకుంటే చవక పడుతుందని ఎవరైనా చెప్తే వినకండి.

మా ఆవిడ సర్దిన ఒక పెట్టెని మాత్రం వాళ్ళు మొత్తం విప్పించారు. అరకు వైపు నుంచి తెప్పించిన కొండ చీపుర్లు, వెదురు చాట, తాటాకు బుట్ట, పక్కన పొట్లంలో గోంగూర, తోటకూర విత్తనాలు. ఎండు గడ్డి, ఆకు, విత్తనం, మట్టి అంటుకున్నది ఏదీ సముద్రం సామానులో వద్దన్నారు. మారిషస్ చిన్న దీవి, చెరకు మీద ఆధారపడి పెరిగింది, బయటి పురుగో తెగులో వస్తే తట్టుకోలేదు, అందుకని మొక్కలూ విత్తనాలూ అనుమతి లేకుండా రానివ్వరు. మా ఆవిడకి బాధ అనిపించింది, ఒప్పుకుంటాను. కానీ అక్కడి బజారులో మునగాకు కట్టలు కట్టి అమ్ముతారు, కరివేపాకు దొరుకుతుంది, బీరకాయ, కాకర, ఆనపకాయ, బెండ అన్నీ ఉన్నాయి, దేనికీ వెతుక్కోలేదు. ఆవకాయ, పొడులు విమానంలో మాతోపాటే వెళ్ళాయి, సీసాలో కాకుండా సీలు వేసిన కవర్లలో, మిఠాయి కొట్టువాళ్ళే ప్యాక్ చేసి ఇచ్చారు.

ఇప్పుడు తప్పుల సంగతి.

మొదటిది ప్యాకింగ్ లిస్టు. ప్రతి పెట్టెకీ నంబరు వేశారు, బాగుంది, కానీ లిస్టులో "వంటింటి సామాను", "బట్టలు", "ఇతరాలు" అని రాసి వదిలేశారు. నేను అప్పుడే అడిగాను, ఇంత ముక్తసరిగా రాస్తే ఎలా, ఏ పెట్టెలో ఏముందో, వాడినదో కొత్తదో, విలువ ఎంతో రాయాలి కదా అని. "ఎప్పుడూ ఇలాగే పంపుతాం సార్, ఏం కాదు" అన్నారు. మారిషస్ రేవు పోర్ట్ లూయీ చేరాక, కస్టమ్స్ నుంచి సరుకు విడిపించే అక్కడి క్లియరింగ్ ఏజెంటు సరిగ్గా అదే అడిగాడు. "ఇతరాలు" అన్న పెట్టెలన్నీ కస్టమ్స్ వాళ్ళు తెరిపించారు. కొత్త లిస్టు ఇక్కణ్ణుంచి తయారై వెళ్ళేదాకా సామాను అక్కడి గోడౌన్‌లోనే ఉంది, దానికి అద్దె పడింది. మనకి వాళ్ళకన్నా గంటన్నర ముందు తెల్లవారుతుంది, ఇక్కడ పొద్దున్నే ఆఫీసు తియ్యగానే పంపితే అక్కడ వాళ్ళు వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి, కానీ వీళ్ళు సాయంత్రం దాకా కదిలేవాళ్ళు కాదు. ఆ వారం నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అమ్మాయి కొత్త ఉద్యోగంలో సెలవు పెట్టి పోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది, నాకు కోపం వచ్చింది అందుకే, డబ్బు గురించి కాదు.

రెండోది ఇంకా పెద్దది. వాళ్ళ కొటేషన్ పోర్ట్ లూయీ రేవు దాకానే. రేవులో కంటైనర్ విప్పి మన సరుకు వేరు చేసే ఛార్జీ, అక్కడి ఏజెంటు ఫీజు, కాగితాల ఫీజు, ఇంటికి చేర్చే లారీ, ఇవన్నీ అక్కడ వేరే కట్టాలి. నోటిమాటగా "అక్కడ కొంచెం ఉంటుంది సార్" అన్నారు గానీ ఎంతో రాసివ్వలేదు. ఆ "కొంచెం" ఇక్కడ కట్టిన ఓడ ఖర్చుతో పోటీ పడింది. ఎల్‌సీఎల్‌లో ఇది మామూలేనట, ఇక్కడ రేటు తక్కువగా కనపడుతుంది, అసలు భారం దిగేచోట పడుతుంది. మామూలు విషయమే అయితే మొదటి రోజే కాగితం మీద పెట్టాలి కదా? మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా గుమ్మం దాకా ఎంతో చెప్పమనండి, రేవులో ఏ ఛార్జీ ఎవరు కడతారో ఒక్కొక్కటీ రాసిమ్మనండి, రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఇన్సూరెన్సు గురించి ఒక మాట. ఓడ సరుకు బీమాకి వాడే షరతుల్ని ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజులు అంటారు, వాటిలో ఏ, బీ, సీ అని మూడు రకాలు ఉంటాయి. సీ అంటే ఓడ మునగడం, నిప్పంటుకోవడం లాంటి పెద్ద ప్రమాదాలకే, గాజు పగిలితే పైసా రాదు. నేను అన్నిటికన్నా ఎక్కువ నష్టాలకి వర్తించే 'ఏ' రకమే కావాలని పట్టుబట్టాను. మనం సొంతంగా సర్దిన పెట్టెల్లో పగిలినవాటికి డబ్బివ్వడానికి చాలాసార్లు ఒప్పుకోరు, అందుకని పగిలేవన్నీ వాళ్ళ చేతే కట్టించండి, కట్టేటప్పుడు ఫోటోలు తీసుకోండి.

ఓడ ఇక్కణ్ణుంచి కొలంబో వెళ్ళి, అక్కడ సరుకు వేరే ఓడకి మారి మారిషస్ చేరింది. నెల దాటింది. పంపే నెల కూడా చూసుకోవాలి. అక్కడ తుఫాన్లు నవంబరు నుంచి వాళ్ళ వేసవి అయ్యేదాకా, అంటే సుమారు ఏప్రిల్ దాకా, జనవరి, ఫిబ్రవరి నెలల్లో జోరు ఎక్కువ. తుఫాను దగ్గరికి వస్తే పోర్టు మూసేస్తారు, ఓడలు సముద్రంలోకి వెళ్ళిపోతాయి. మన పోర్టులో ప్రమాద సూచిక నంబర్లు పదకొండు దాకా ఉన్నట్టే అక్కడ జనానికి చెప్పే హెచ్చరికలు నాలుగు తరగతులు, నాలుగోదంటే గాలి గంటకి 120 కిలోమీటర్లు దాటిందని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళం కాబట్టి ఇల్లు చూడగానే నేను ముందు పైకప్పే చూశాను. కాంక్రీటు, చదునుగా ఉంది. 1960లో కరోల్ తుఫాను వేలకొద్దీ ఇళ్ళు కూల్చాక అక్కడివాళ్ళు కాంక్రీటు ఇళ్ళకి మారారు. ఈ నెలల సంగతి మా కంపెనీ వాళ్ళు అడగకుండానే చెప్పి, సరుకు మే నెలలో చేరేటట్టు చూశారు, ఆ మంచి వాళ్ళ ఖాతాలో వెయ్యాలి.

కరెంటు అక్కడా 230 వోల్టులే, కాబట్టి మిక్సీ, గ్రైండర్ మామూలుగా తిరుగుతాయి. గోడలో ప్లగ్గులు మాత్రం మనవి కావు, ఎక్కువగా చదరపు పిన్నులు మూడు ఉండే బ్రిటిష్ రకం, కొన్నిచోట్ల గుండ్రటి పిన్నులు రెండుండేవి. గ్రైండర్ లాంటివాటికి అడాప్టర్ పెట్టకుండా ప్లగ్ టాపే మార్పించేయమని ఆ సర్వే కుర్రాడు చెప్పాడు, అక్కడి ఎలక్ట్రీషియన్ వచ్చి లోపల ఫ్యూజు ఉండే టాపులు వేసి వెళ్ళాడు. గ్యాస్ స్టవ్ అక్కడే కొన్నాం.

పెట్టెలు విప్పిన రోజు పక్కింటావిడ వచ్చింది. మాట్లాడేది అక్కడి వాడుక భాష క్రియోల్, కొంచెం ఇంగ్లీషు, తెలుగు నాలుగు ముక్కలు. మందిరంలో సింహాద్రి అప్పన్న పటం చూసి చేతులు జోడించింది. మారిషస్ తెలుగువాళ్ళు అప్పన్న పూజ చేస్తారని, దీపం చుట్టూ రాత్రంతా రామభజన చేస్తారని, అమ్మోరు పండగ చేస్తారని అప్పుడే తెలిసింది. ఉగాదికి అక్కడ దేశమంతటా సెలవు. వీళ్ళ పెద్దలు పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి, మన విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు. తర్వాత పోర్ట్ లూయీలో ఆ కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ చూసి వచ్చాం, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఒక చేతిసంచితో దిగి, భాష మారిపోయి, ఇన్ని తరాల తర్వాత కూడా సింహాచలం కొండ మీది దేవుణ్ణి మర్చిపోని మనుషులు వాళ్ళు. ఆ మందిరం వదిలేయండి, అక్కడ చిన్నది కొనుక్కోవచ్చు అని చాలామంది అన్నారు, సర్వే కుర్రాడు మాత్రం "అది తీసుకెళ్ళండి సార్, ఎంత చోటు పట్టినా" అన్నాడు. మా అమ్మాయికి ఆ వీధిలో మొదటి పరిచయం ఆ మందిరం వల్లే అయింది, ఇప్పుడు మనవరాలు సాయంత్రాలు వాళ్ళింట్లోనే ఉంటోంది.

మందిరం గాజు తలుపుల్లో ఒకటి మాత్రం మూల దగ్గర చిట్లి వచ్చింది. క్రేట్ చెక్కుచెదరలేదు, కాబట్టి లోపల మెత్తలు సరిగ్గా పెట్టలేదనే అర్థం. ఫోటోలతో క్లెయిమ్ పెట్టాం, కంపెనీవాళ్ళు తప్పు ఒప్పుకుని కాగితాలు ఇన్సూరెన్సుకి పంపారు, సర్వేయరు చూసి వెళ్ళాడు. డబ్బు ఇంకా రాలేదు, వచ్చాక ఎంత ఇచ్చారో, ఎన్నాళ్ళు పట్టిందో ఇక్కడే రాస్తాను.